ఇంటి కంప్యూటరుకు ముందు తెర, పిదప మీటలు, ఆ తరువాతే మిగిలినవి



పరీక్షలు ముగిసి వేసవి సెలవులు దగ్గరపడేసరికి ప్రతి ఏటా తల్లిదండ్రులు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యవారూ, పిల్లలకని ఇంట్లోకి ఒక కంప్యూటరు పెట్టుకోవాలనుకుంటున్నాం. రెడీమేడుది వద్దు, భాగాలు తెచ్చి బిగించుకుంటే చవక అంటున్నారు. ఏమేమి తీసుకోమంటారు?" తెలుగు పాఠం చెప్పేవాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా ఇది అని కొందరు నవ్వుతారు. నా మటుకు నాకు ఇది తెలుగు ఉపాధ్యాయుణ్ణి అడగవలసిన ప్రశ్నే. దుకాణంలో ఉన్నవారు "ఆటలకా, ఆఫీసు పనికా, వీడియోలకా?" అని మూడు విధాలుగా అడుగుతారు. "మీ బిడ్డ దీనిమీద ఏ భాషలో వ్రాస్తుంది?" అని అడిగేవారు లేరు. ఆ ప్రశ్న అడిగితే కొనవలసిన భాగాల వరుస తలక్రిందులవుతుంది. ఆ వరుస ఏమిటో, ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మన పరిస్థితి చూద్దాం. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో తరతరాలుగా ఉంటున్న తెలుగువారి పిల్లలకు బడిలో తెలుగుకు దొరికే సమయం తక్కువ. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని, కర్ణాటకలో 2015 నాటి చట్టం కన్నడాన్ని, మహారాష్ట్రలో 2020 నాటి చట్టం మరాఠీని బడులలో తప్పనిసరి చేశాయి. ఏ నేలపై బ్రతుకుతున్నామో ఆ నేల భాషను నేర్చుకోవడం న్యాయమే. దానిపై నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అయితే కాలపట్టికలో గంటలు పెరగవు కదా. ఒక భాష లోపలికి వస్తే మరొక భాష జరగవలసి ఉంటుంది. జరిగేది మనదే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో బోధన సౌకర్యాన్ని గురించి చెప్పేది ప్రాథమిక దశ వరకే. అది దాటిన బిడ్డకు తెలుగు వ్రాసే అవకాశం ఇల్లు కల్పిస్తేనే ఉన్నది, లేకుంటే లేదు.

మన పిల్లలలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ, చదివేవారు అంతకంటె తక్కువ, వ్రాసేవారు బహు తక్కువ. ఇంట్లో కంప్యూటరు పెట్టడమంటే ఈ మూడవ మెట్టును ఇంట్లో కట్టడమని నా భావన. ఆ దృష్టితో కొంటేనే పెట్టిన డబ్బుకు అర్థముంటుంది.

"ఫోనున్నది కదా, అది చాలదా?" అనేవారున్నారు. ఫోను కబురు పంపడానికి, చదవడానికి చక్కగా పనికివస్తుంది. వ్రాత నేర్పడానికి పనికిరాదు. ఫోనులో రెండక్షరాలు కొట్టేసరికి పైన మూడు మాటలు కనిపిస్తాయి. బిడ్డ వాటిలో ఒకదానిని తాకుతుంది. ళకారమా లకారమా, ణకారమా నకారమా అన్న నిర్ణయం బిడ్డ చేయనే లేదు, యంత్రం చేసింది. పైగా ఆ మూడు మాటలూ పత్రికల తెలుగువి. మన అవ్వలు "ఉండాది" అంటారు. ఫోను "ఉంది" అని చూపుతుంది. ఇలా నెలల తరబడి సాగితే పిల్లలకు వర్ణక్రమమూ రాదు, ఇంటి పలుకుబడీ మిగలదు. పేరాగ్రాఫు వెంట పేరాగ్రాఫు ఆలోచించి వ్రాయడానికి పెద్ద తెర, పది వ్రేళ్లకూ పని చెప్పే మీటలు కావాలి.

ఇక భాగాల సంగతికి వస్తాను. అంగడివారు మొదట ప్రాసెసరుతో ఆరంభిస్తారు. నేను తెరతో ఆరంభిస్తాను.

తెలుగు లిపి మూడంతస్తుల లిపి. నడుమ అక్షరం, పైన తలకట్టు, గుడి, ఏత్వం వంటి గుర్తులు, క్రింద వత్తులు. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటలలో ఒక అక్షరం క్రింద రెండు వత్తులు చేరుతాయి. ద, ధ, థ అనే మూడింటిని వేరుచేసేవి క్రిందనున్న చిన్న గీత, లోపలనున్న చుక్క. ప, వ అనే రెండింటిని వేరుచేసేది తలకట్టు అతికిందా విడిగా ఉన్నదా అన్నదే. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే చుక్కల సంఖ్య మన అక్షరానికి సరిపోదు. కొత్తగా చదవడం నేర్చుకొనే బిడ్డకు ఆ చుక్క కనబడకపోతే థకారం ధకారమై పోతుంది. పెద్దలు సందర్భాన్ని బట్టి సరిదిద్దుకుంటారు, పిల్లలు తప్పునే నేర్చుకుంటారు.

అందుచేత తెర కొనేటప్పుడు వెడల్పును కాదు, అంగుళానికి ఎన్ని చుక్కలున్నాయో చూడాలి. 1366×768 చుక్కలున్న 18.5 అంగుళాల చవక తెరలో అంగుళానికి సుమారు 85 చుక్కలు. 1920×1080 చుక్కలున్న 21.5 అంగుళాల తెరలో సుమారు 102. అవే చుక్కలు 24 అంగుళాలకు పరిస్తే 92, 27 అంగుళాలకు పరిస్తే 82. చూడండి, అన్నింటికంటె పెద్ద తెరలో తెలుగు అన్నింటికంటె మసకగా ఉంటుంది. 1920×1080 గల 22 అంగుళాల తెర మన పనికి ఉత్తమం, 24 వరకు ఫరవాలేదు. ఐ.పి.ఎస్. రకం తీసుకుంటే ప్రక్కనుండి చూచినా రంగు మారదు కనుక అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చుని చదువుకోవచ్చు. దుకాణంలోనే ఒక పరీక్ష పెట్టండి. మామూలు సైజులో "రాష్ట్రం, స్త్రీ, ధర్మార్థం" అని తెరమీద చూపించమనండి. బారెడు దూరంలో నిలబడి వత్తులు విడివిడిగా కనిపిస్తే కొనండి.

రెండవది కీబోర్డు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. నాణ్యమైన మామూలు కీబోర్డు చాలు. తెలుగు అక్షరాలు ముద్రించినది దొరకకపోతే అంటించుకొనే తెలుగు అక్షరాల బిళ్లలు దొరుకుతాయి. అసలు నిర్ణయం కీబోర్డు ఏదన్నది కాదు, ఏ పద్ధతిలో టైపు చేయడం నేర్పుతామన్నది. ఇక్కడ నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం నేర్పవద్దు, ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి.

లేఖిని వంటి ఉపకరణాలు అంతర్జాలంలో తెలుగుకు చేసిన మేలు ఎవరూ మరువరానిది. అప్పటికే తెలుగు క్షుణ్ణంగా వచ్చిన పెద్దలెందరో వాటివల్లనే కంప్యూటరులో తెలుగు వ్రాయగలిగారు. కాని అక్షరాలు ఇంకా స్థిరపడని బిడ్డ సంగతి వేరు. ఇంగ్లీషు అక్షరాలతో "అమ్మ" అని కొట్టే బిడ్డ మనసులో ముందు ఇంగ్లీషు మాట ఏర్పడి, ఆ తరువాత అది తెలుగుగా మారుతుంది. మన భాష అనువాదంలా తయారవుతుంది. ఇన్‌స్క్రిప్టులో బిడ్డ అకారం, మకారం, పొల్లు, మళ్లీ మకారం అని నాలుగు మీటలు నొక్కుతుంది. మనం నల్లబల్ల మీద ద్విత్వాక్షరం ఎట్లా ఏర్పడుతుందని చెబుతామో సరిగ్గా అదే. సంయుక్తాక్షరాల పాఠం వ్రేళ్లకే వస్తుంది.

ఈ పద్ధతి అమరికలో మరొక అందమున్నది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతికి. ఒకే మీటను ఒట్టిగా నొక్కితే కకారం, షిఫ్టుతో నొక్కితే ఖకారం. త-థ, ద-ధ, ప-ఫ, బ-భ కూడా ఇంతే. అల్పప్రాణానికి, మహాప్రాణానికి ఉన్న బంధుత్వం మీటలలోనే కనిపిస్తుంది. మన వర్ణమాల క్రమాన్ని ఎరిగినవారు తీర్చిదిద్దిన అమరిక ఇది. భారతీయ ప్రమాణంగా 1991 నాటి ఐ.ఎస్. 13194లో చోటు పొందినది.

మనవంటి అల్పసంఖ్యాక భాషీయులకు అన్నింటికంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఇన్‌స్క్రిప్టులో భారతీయ లిపులన్నింటికీ స్థానాలు ఒకటే. తెలుగు కకారం ఏ మీటపై ఉన్నదో కన్నడ, ఒడియా, దేవనాగరి, తమిళ కకారాలూ ఆ మీటపైనే ఉన్నవి. బరంపురం బిడ్డ తెలుగు వ్రాయడం నేర్చుకుంటే ఒడియా వ్రాయడమూ సగం వచ్చినట్లే. షోలాపురం బిడ్డకు మరాఠీ అంతే. తమిళనాడులో తమిళ్‌99, కర్ణాటకలో నుడి వాడుకలో ఉన్నవి కనుక బడిలో వాటిని నేర్పేచోట ఈ లాభం కొంత తగ్గుతుంది. అయినా తెలుగు నేర్చుకోవడం రాష్ట్ర భాషకు అడ్డమని భయపడే తల్లిదండ్రులకు ఇంతకంటె చక్కని సమాధానం నాకు తోచలేదు. ఒకే వ్రేలు రెండు లిపులను వ్రాస్తుంది.

మూడవది నిల్వ, అనగా ఎస్.ఎస్.డి. పాతకాలపు తిరిగే హార్డు డిస్కు సెకనుకు 100 నుండి 200 మెగాబైట్ల వరకు అందిస్తే, సాటా రకం ఎస్.ఎస్.డి. సుమారు 500, ఎన్.వి.ఎం.ఇ. రకం అంతకు అనేక రెట్లు అందిస్తాయి. పిల్లలకు ఓపిక తక్కువ. మీట నొక్కిన తరువాత మూడు నిమిషాలు వేచియుండవలసివస్తే తెలుగు వ్రాద్దామన్న బుద్ధి ఆ మూడు నిమిషాలలో ఫోనువైపు మళ్లుతుంది. కనుక పరిమాణం తక్కువైనా ఎస్.ఎస్.డి.యే తీసుకోండి. 256 గిగాబైట్లు చాలు, 500 అయితే నిశ్చింత. ఉన్న వ్రాతలకు నకలుగా ఒక పెన్‌డ్రైవు వేరుగా ఉంచండి.

నాలుగవది మెమరీ. 8 గిగాబైట్లు మన పనికి సరిపోతుంది. 2025 చివరి నెలల నుండి, కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీవల్ల, మెమరీ ధరలు బాగా పెరిగిన సంగతి తెలిసిందే. అందుచేత 8 గిగాబైట్ల కడ్డీ ఒకటి కొని, రెండవ గాడిని ఖాళీగా ఉంచుకోవడం వివేకం. అవసరమైతే తరువాత మరొకటి చేర్చవచ్చు. ఒక్క జాగ్రత్త. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని రెండు రకాలున్నాయి. ఒకదాని గాడిలో మరొకటి కూర్చోదు. మదరుబోర్డు ఏ రకానిదో నిర్ధారించుకొనే మెమరీ కొనాలి.

అయిదవ స్థానంలోనే ప్రాసెసరు వస్తుంది. ఇంటెల్ కోర్ ఐ3-12100, ఎ.ఎం.డి. రైజెన్ 5 5600జి తరగతివి ఏవైనా మన పనికి పుష్కలం. మొదటిది నాలుగు కోర్లది, రెండవది ఆరు కోర్లది. రెండింటిలోనూ బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ భాగం లోపలనే ఉన్నది కనుక వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అనే అక్షరముంటే మాత్రం ఆ భాగం ఉండదు. ధర కొంచెం తక్కువని ఎఫ్ రకం తీసుకుంటే, తెరమీద బొమ్మ రావడానికి కార్డు కూడ కొనవలసివచ్చి మిగిలినదానికంటె ఎక్కువ ఖర్చవుతుంది. కొనకముందే బిల్లుమీద పూర్తి పేరు వ్రాయించుకోండి.

ప్రాసెసరును బట్టే మదరుబోర్డు. ఐ3-12100కు హెచ్610 బోర్డు, 5600జికి ఎ520 బోర్డు చాలు. హెచ్610 బోర్డులు రెండు రకాల మెమరీకీ వేర్వేరుగా వస్తాయి, గమనించండి. ఇంటెల్‌లో సన్నని సూదులు బోర్డులోని గూటిలో ఉంటాయి, 5600జిలో ప్రాసెసరు అడుగున ఉంటాయి. ఒక్కటి వంగినా పని చెడుతుంది. బిగించడం పిల్లలకు చూపించండి, చేయించవలసివస్తే మెమరీ కడ్డీ వారిచేత పెట్టించండి, ప్రాసెసరు మాత్రం పెద్దలే పెట్టాలి.

పవరు సప్లయి విషయంలో పొదుపు వద్దు. ఇటువంటి కంప్యూటరు తెరతో కలిపి మామూలు పనిలో 100 వాట్లకు లోపే తీసుకుంటుంది. పది గంటలు నడిచినా ఒక యూనిట్టు దాటదన్నమాట. కనుక 400 లేక 450 వాట్లది చాలు. అయితే పెట్టెమీద పెద్ద అంకె చూచి మోసపోక, 80 ప్లస్ గుర్తింపు ఉన్నది తీసుకోండి. మన ఊళ్లలో కరెంటు వచ్చేపోయే తీరు తెలిసినదే కనుక 600 వి.ఎ. యు.పి.ఎస్. ఒకటి, సరైన ఎర్తింగు తప్పనిసరి. వ్రాసుకున్న వ్యాసం ఒక్కసారి ఎగిరిపోతే బిడ్డ మళ్లీ కూర్చోవడం కష్టం. రంగురంగుల దీపాలున్న క్యాబినెట్టు మాత్రం ఏ భాషకూ అవసరం లేదు.

చివరగా నూరింటికి తొంభైమంది మరచే భాగం ఒకటున్నది. మైకు ఉన్న మామూలు హెడ్‌సెట్టు. అవ్వ చెప్పే కథ, పెళ్లిలో పాడే పాట, తాత వ్యవసాయపు మాటలు రికార్డు చేసి, విని, బిడ్డ తన చేత్తో టైపు చేస్తే అంతకు మించిన తెలుగు పాఠం లేదు. హోసూరు ప్రాంతపు తెలుగు, షోలాపురపు తెలుగు పాఠ్యపుస్తకాలలో దొరకవు. అవి మన ఇళ్లలోనే ఉన్నవి, అదీ ఇంకొంత కాలమే.

ఇక లోపలి సరకు. విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కొనే స్థోమత ఉన్నవారు కొనండి, లేనివారు ఉబుంటు వంటి లినక్సు ఉచితంగా పెట్టుకోండి. రెండింటిలోనూ యూనికోడు తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగా ఉన్నవి. విండోసులో భాషల అమరికలోకి వెళ్లి తెలుగు చేర్చి, విండోస్ మీటతో స్పేస్ మీట నొక్కితే భాష మారుతుంది. వ్రాయడానికి లిబ్రె ఆఫీసు ఉచితం. పోతన, వేమన, మండలి, రామరాజ వంటి మంచి యూనికోడు ఫాంట్లూ ఉచితమే.

యూనికోడులో 1991 నాటి తొలి కూర్పునుండే తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. యూనికోడులో వ్రాసినది ఏ యంత్రంలోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. డి.టి.పి. కేంద్రాలలో వాడే పాత ఫాంట్లతో వ్రాసినది ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. మన బడులలోని ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవ నాటికలు ఎన్నో ఇటువంటి దస్త్రాలలో చిక్కుకొని ఉన్నవి. ఇంటి కంప్యూటరులో ఆ తప్పు మొదలు పెట్టవద్దు.

కొత్త భాగాలు కొనే స్థోమత లేనివారు నిరాశపడనక్కరలేదు. కార్యాలయాలు మార్చివేసిన పాత డెస్కుటాపులు బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ వీధిలో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో దొరుకుతాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ఎనిమిదవ తరము లేక తరువాతది, టి.పి.ఎం. 2.0 ఉన్నది చూచుకోండి. లినక్సుకైతే అంతకు పాతదైనా ఫరవాలేదు. పాతదానిలో హార్డు డిస్కు ఉంటే తీసి ఎస్.ఎస్.డి. పెట్టించండి. మిగిలిన డబ్బు మంచి తెరకు వెచ్చించండి. పాత ప్రాసెసరు, కొత్త తెర ఉన్న ఇల్లు తెలుగుకు మేలు చేస్తుంది. కొత్త ప్రాసెసరు, మసక తెర ఉన్న ఇల్లు చేయదు.

"కంప్యూటరు వస్తే చేతివ్రాత పోదా?" అని మిత్రులు అడుగుతారు. పదవ తరగతి పరీక్ష చేతితోనే వ్రాయాలి కనుక చేతివ్రాత ఉండవలసిందే. రెండింటికీ పోటీ లేదు. నోటుపుస్తకంలో వ్రాసినదానిని దిద్దుకొని టైపు చేస్తే బిడ్డ ఒకే వ్యాసాన్ని రెండుసార్లు చూచుకున్నట్లవుతుంది. "ఆటలకే వాడుకుంటారేమో" అనేది మరొక భయం. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు భారీ ఆటలకు అంతగా ఆకర్షణీయం కాదు. అది మన ఎంపికలోని ఒక లాభం. కంప్యూటరును నడవలో, అందరూ తిరిగేచోట పెట్టండి. మిగిలినది తల్లిదండ్రుల చూపే చూసుకుంటుంది. ఖర్చు మాట నిజమే. అచ్చుపుస్తకానికి జి.ఎస్.టి. లేదు, కంప్యూటరు భాగాలపై 18 శాతం ఉన్నది. అందుకే కంప్యూటరు కొనడానికి పుస్తకాల డబ్బును తీయవద్దని కూడ చెబుతున్నాను. రెండింటిలో ఒకటే సాధ్యమైతే పుస్తకాలే కొనండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తల్లిదండ్రులు కంప్యూటరు కొని పెట్టినంత మాత్రాన పని జరగదు. మనం అడగాలి. పక్షానికొక పుట యూనికోడులో టైపు చేసి తెమ్మని పై తరగతుల పిల్లలకు చెప్పండి. కంప్యూటరు లేని బిడ్డ చేతితో వ్రాసి తెస్తే అదే మార్కు ఇవ్వండి, ఏ బిడ్డా చిన్నబుచ్చుకోకూడదు. వచ్చిన పుటలను ఏడాది చివర కూర్చితే అదే బడి పత్రిక. అందులో మన ఊరి తెలుగు, మన అవ్వల మాటలు, మన పిల్లల పేర్లతో ఉంటాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఈ వరుస కాగితంమీద వ్రాసుకొని వెళ్లండి: తెర, కీబోర్డు, ఎస్.ఎస్.డి., మెమరీ, ప్రాసెసరు, బోర్డు, పవరు సప్లయి, యు.పి.ఎస్., హెడ్‌సెట్టు. ఎవరెంత తొందరపెట్టినా వరుస మార్చవద్దు. వీలైతే బిడ్డను వెంట తీసుకొని వెళ్లండి. తెరముందు నిలబడి థకారంలోని చుక్క కనిపిస్తున్నదో లేదో చెప్పవలసింది ఆ బిడ్డే.

సెలవు.